‘ఈ కాలం కుర్రాళ్లకు ఒళ్లు వంగదు’: అమెరికా పార్సిల్ డ్రైవర్ల ఫిర్యాదు వెనుక వేతన మెట్లు

క్లుప్తంగా

అమెరికాలోని పెద్ద పార్సిల్ సంస్థ యూపీఎస్‌లో సీనియర్ డ్రైవర్లు తరచుగా రెండు వర్గాల మీద విసుక్కుంటారు. ఒకరు కొత్తగా చేరుతున్న యువకులు, రెండోవారు పోటీ సంస్థల డ్రైవర్లు. ఇవి వేర్వేరు ఫిర్యాదుల్లా వినిపించినా మూలం ఒక్కటే. ఒకే పనికి వేర్వేరు వేతన మెట్లు కట్టిన ఒప్పందాలు, డ్రైవర్‌కూ కంపెనీకీ మధ్య కాంట్రాక్టర్‌ను నిలబెట్టిన వ్యాపార పద్ధతులు, చేతి పనితనాన్ని యంత్రానికి అప్పగించిన సాంకేతికత కలిసి ఈ విసుగును పుట్టించాయి. అమెజాన్ కోసం తాను మోసే సరుకును యూపీఎస్ సగానికి పైగా తగ్గించుకుంటున్న ప్రస్తుత దశలో దాని దెబ్బ ముందుగా తగిలేది కొత్తవారికే.

ఒకే వీధి, వేర్వేరు కొలువులు

సాయంత్రం వేళ అమెరికాలోని ఏ నివాస కాలనీలోనైనా కాసేపు నిలబడితే పార్సిల్ వ్యాపారం మొత్తం కళ్లముందు నడిచిపోతుంది. ముదురు గోధుమ రంగు యూపీఎస్ బండి, తెల్లటి ఫెడెక్స్ వ్యాను, పక్కన నీలి బాణం గీత ఉన్న అమెజాన్ వ్యాను, వీటికి తోడు తపాలా శాఖ వాహనం. డల్లాస్ శివార్లలోనో న్యూజెర్సీలోనో ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఇది రోజూ కనిపించే దృశ్యమే. పెట్టె తెచ్చి గుమ్మం ముందు పెట్టి, ఫొటో తీసుకుని వెళ్లిపోవడం అందరూ చేసే పనే. ఆ పనికి దక్కే గంట వేతనం, పింఛను, ఆరోగ్య బీమా, ఉద్యోగం ఊడితే అడిగే దిక్కు మాత్రం బండి రంగును బట్టి మారిపోతాయి.

యూపీఎస్ డ్రైవర్ నేరుగా కంపెనీ ఉద్యోగి, టీమ్‌స్టర్స్ యూనియన్ సభ్యుడు. ఆ యూనియన్ 2023లో కుదుర్చుకున్న అయిదేళ్ల ఒప్పందం సుమారు 3,40,000 మందికి వర్తిస్తుంది. ఒప్పందం ముగిసేనాటికి పూర్తికాల డ్రైవర్ల గరిష్ఠ వేతనం సగటున గంటకు 49 డాలర్లకు చేరుతుంది.

అమెజాన్ వ్యాను నడిపే మనిషి అమెజాన్ ఉద్యోగి కాడు. 2018లో అమెజాన్ అమెరికాలో మొదలుపెట్టిన పద్ధతి ప్రకారం, 10,000 డాలర్ల పెట్టుబడితో ఎవరైనా చిన్న డెలివరీ సంస్థ పెట్టుకుని 20 నుంచి 40 వ్యాన్లు నడపవచ్చు. డ్రైవర్ ఆ చిన్న సంస్థలో ఉద్యోగి. చొక్కా మీద, వ్యాను మీద అమెజాన్ గుర్తే ఉంటుంది. ఏ వీధికి ఎప్పుడు వెళ్లాలో చెప్పేది అమెజాన్ యాప్. జీతం చెక్కు మీద పేరు మాత్రం మరొకరిది. ఈ డ్రైవర్ల సగటు వేతనం గంటకు సుమారు 22 డాలర్లకు చేరుతుందని అమెజాన్ 2024 సెప్టెంబరులో ప్రకటించింది.

ఫెడెక్స్‌లో రోడ్డు మార్గాన పార్సిళ్లు చేర్చే విభాగమైన ఫెడెక్స్ గ్రౌండ్ బండ్లదీ ఇంచుమించు ఇదే తీరు. అక్కడా మధ్యలో కాంట్రాక్టు సంస్థ ఉంటుంది. జీతం ఎంత, బీమా ఉందా లేదా అన్నది ఆ కాంట్రాక్టర్‌ను బట్టి మారుతుంది.

ఈ తేడాలు పక్కన పెట్టి డ్రైవర్ల ప్రవర్తనను పోల్చడం న్యాయం కాదు. రోజూ జరిగేది మాత్రం అదే. పరుగెత్తుతున్నాడని, పచ్చిక మీదుగా నడిచాడని, పెట్టె విసిరేశాడని ఒక సంస్థ డ్రైవర్ మరో సంస్థ డ్రైవర్‌ను తప్పుపడతాడు. ఆ పరుగుకు లెక్క కట్టింది ఎవరన్న ప్రశ్న అక్కడ రాదు.

తెల్లవారుజామున గోదాములో

యూపీఎస్‌లో డ్రైవర్ కొలువుకు దారి చాలావరకు గోదాము లోపలి నుంచే ఉంటుంది. యువకుడు మొదట పార్ట్‌టైమ్ లోడర్‌గా చేరతాడు. తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంలో పని మొదలవుతుంది. కన్వేయర్ బెల్టు మీద పెట్టెలు వస్తూనే ఉంటాయి. ఒక్కో లోడర్‌కు మూడు, నాలుగు బండ్లు అప్పగిస్తారు. బండి లోపల అరలకు 1000, 2000 అంటూ 8000 వరకు అంకెలుంటాయి. పెట్టె మీది చీటీలో ఏ బండికో, ఏ అరకో రాసి ఉంటుంది. చీటీ చూసి, పెట్టె ఎత్తి, ఆ అరలో ఆ వరుసలో పెట్టాలి. ఒక అరది మరో అరలోకి పోతే మధ్యాహ్నం డ్రైవర్ ఎండలో బండి వెనక నిలబడి దాని కోసం వెతుక్కోవాలి. సీనియర్ డ్రైవర్ కుర్రవాడి మీద మొదటిసారి కేకలు వేసేది సాధారణంగా ఇక్కడే. ‘చదవడం కూడా రాదా వీళ్లకు’ అన్న మాట పుట్టేదీ ఇక్కడే.

ఆ లోడర్‌కు రోజుకు దక్కే పని మూడున్నర, నాలుగు గంటలు. దాంతో ఇల్లు గడవదు కనుక మరో ఉద్యోగం కూడా చేసుకోవాలి. డ్రైవర్ స్థానం ఖాళీ అయినప్పుడు సీనియారిటీ వరుసలో పిలుపు వస్తుంది. కొన్ని కేంద్రాల్లో నెలల్లోనే రావచ్చు, కొన్నిచోట్ల ఏళ్లు పట్టవచ్చు. పిలుపు వచ్చి డ్రైవర్ అయ్యాక కూడా పూర్తి వేతనం అందుకోవడానికి నాలుగేళ్ల మెట్లున్నాయి. మొదటి మెట్టు గంటకు 23 డాలర్లు.

సీనియారిటీ అనేది ఈ వ్యవస్థకు వెన్నెముక. ఏ రూటు ఎవరిది, ఎండాకాలంలో సెలవు ఎవరికి, పని తగ్గినప్పుడు ఇంటికి పోయేది ఎవరు అన్నవన్నీ చేరిన తేదీని బట్టి తేలుతాయి. అధికారి తనకు నచ్చినవాడికి మంచి రూటు ఇవ్వకుండా ఇది అడ్డుకుంటుంది. ఆ మేరకు ఇది పనివారిని కాపాడే నియమం, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. అయితే దీని ఫలితంగా కొత్తవాడికి సొంత రూటంటూ ఉండదు. రోజుకొక కొత్త వీధి, సెలవులో ఉన్నవారి బండి, బరువైన పెట్టెలున్న రోజు, శనివారం పని అతని వంతుకు వస్తాయి. ఇరవై ఏళ్లుగా ఒకే రూటు నడుపుతున్నవాడికి ఏ ఇంట్లో కుక్క ఉందో, ఏ దుకాణం ఎన్నింటికి మూస్తారో తెలుసు. అతను నిదానంగా నడిచినా సమయానికి ముగిస్తాడు. కొత్తవాడు పరుగెత్తినా ముగించలేడు. చూసేవారికి మొదటివాడిది నిబద్ధతగా, రెండోవాడిది అశ్రద్ధగా కనిపిస్తుంది. వారి మధ్య అసలు తేడా రూటు.

ఈ మెట్లు కట్టింది ఎవరు?

తరాల మధ్య దూరానికి తేదీలున్నాయి. యూపీఎస్‌లో మొదటి పెద్ద చీలిక 1982 ఒప్పందంతో వచ్చింది. పార్ట్‌టైమ్ కార్మికుల ఆరంభ వేతనాన్ని ఆ ఒప్పందం గంటకు 8 డాలర్ల దగ్గర స్థిరపరిచింది. ఆ తర్వాత మూడు దశాబ్దాల పాటు అది దాదాపు అక్కడే ఉండిపోయింది. ధరలు పెరుగుతూ పోయాయి, డ్రైవర్ల వేతనం పెరుగుతూ పోయింది, గోదాములోకి కొత్తగా అడుగుపెట్టేవాడి వేతనం మాత్రం కదల్లేదు. ఎనభైల ముందు చేరినవారికి, తర్వాత చేరినవారికి ఒకే కప్పు కింద రెండు లోకాలు ఏర్పడ్డాయి. ‘మేం లోడింగు చేసే రోజుల్లో నోరెత్తకుండా చేశాం’ అని సీనియర్ చెప్పే మాట నిజమే అయినా, ఆ రోజుల్లో ఆ పనికి దక్కిన జీతంతో ఏమేమి కొనగలిగేవారన్నది కూడా పక్కనే చెప్పుకోవాలి.

1997 ఆగస్టులో సుమారు 1,85,000 మంది కార్మికులు 15 రోజులు సమ్మె చేశారు. అందులో ప్రధాన డిమాండు పార్ట్‌టైమ్ కొలువులను పూర్తికాల కొలువులుగా మార్చాలన్నదే. డ్రైవర్లు తమ కోసం మాత్రమే కాక గోదాములోని కుర్రవారి కోసం కూడా రోడ్డెక్కిన సందర్భమది. అప్పటి గాలప్ సర్వేలో 55 శాతం ప్రజలు కార్మికుల పక్షాన, 27 శాతం కంపెనీ పక్షాన నిలిచారు. రోజూ ఇంటికి పార్సిల్ తెచ్చే మనిషి ముఖం జనానికి తెలిసి ఉండటం ఇందుకు ఒక కారణం. యాజమాన్యం 10,000 పూర్తికాల కొలువులకు అంగీకరించింది. ఆ పక్షం రోజుల్లో యూపీఎస్ ఖాతాదారుల్లో కొందరు ఫెడెక్స్ వైపు మళ్లారు. పోటీ సంస్థ అనే భయం అప్పటినుంచి ప్రతి చర్చల బల్ల దగ్గరా కూర్చునే ఉంది.

2018లో చీలిక డ్రైవర్లలోకే వచ్చింది. ఒప్పందంలోని ఒక క్లాజు సంఖ్యతో 22.4 డ్రైవర్లుగా పేరుపడిన కొత్త వర్గం పుట్టింది. వీరు వారాంతాల్లో కూడా పనిచేస్తారు, అవసరమైతే గోదాము పనీ చేస్తారు, గరిష్ఠ వేతనం మాత్రం పాతవారికంటే తక్కువ. ఆన్‌లైన్ కొనుగోళ్ల వల్ల శని, ఆదివారాల డెలివరీ తప్పనిసరైందని, అమెజాన్‌తో పోటీకి తక్కువ ఖర్చు డ్రైవర్లు కావాలని కంపెనీ వాదన. ఓటు వేసిన సభ్యుల్లో 54 శాతం ఆ ఒప్పందాన్ని తిరస్కరించారు. అయినా అది అమలైంది. పోలింగు సగానికి తక్కువైతే తిరస్కరణకు మూడింట రెండొంతుల ఓట్లు కావాలన్న పాత నిబంధనను యూనియన్ నాయకత్వం వాడుకుంది. ఆ నిర్ణయం మిగిల్చిన కోపం చిన్నది కాదు. 2021 మహాసభలో ఆ నిబంధనను ఎత్తివేశారు. అదే ఏడాది యూనియన్ అధ్యక్ష పదవికి జరిగిన ఎన్నికల్లో పాత నాయకత్వం బలపరిచిన అభ్యర్థిని ఓడించి షాన్ ఓబ్రియన్ గెలిచారు.

ఈ 22.4 వ్యవహారం తరాల గొడవకు మంచి నమూనా. ఇద్దరు డ్రైవర్లు పక్కపక్క బండ్లలో, పక్కపక్క వీధుల్లో, అవే పెట్టెలు పంచుతారు. ఒకరికి గంటకు ఎన్నో డాలర్లు తక్కువ. తక్కువ దక్కేవాడు ఆదివారం అదనపు పనికి రానంటే సీనియర్ దృష్టిలో బద్ధకస్థుడు. అతని దృష్టిలో సీనియర్, తన వాటా భద్రంగా ఉంచుకుని తన తర్వాతివారిని ఓటుతో అమ్ముకున్న మనిషి. ఇద్దరి కోపమూ నిజమైనదే, అయితే దానికి కారణమైన కాగితం మీద వారిద్దరిలో ఎవరి సంతకమూ లేదు.

2023 చర్చల్లో సమ్మెకు 97 శాతం ఓట్లు పడ్డాయి. జులై 25న రాజీ కుదిరింది, ఆగస్టులో 86.3 శాతం సభ్యులు ఆమోదించారు. 22.4 వర్గం రద్దయింది, వారంతా సాధారణ డ్రైవర్లయ్యారు. సెలవు రోజున బలవంతపు పని ఆగింది. 2024 నుంచి కొనే కొత్త బండ్లకు ఎయిర్ కండిషనర్ ఉండాలని రాసుకున్నారు. ఎండలో ఆగిన ఇనుప పెట్టెలాంటి బండి వెనక భాగంలోకి రోజుకు వంద సార్లకు పైగా ఎక్కి దిగేవారికి ఇది విలాసం కాదు. ఈ డిమాండ్ల కోసం పట్టుబట్టినవారిలో యువ కార్మికులూ ఉన్నారు. ‘ఎండ అంటే భయపడతారు’ అని ఎగతాళి పడినవారి పట్టుదల కూడా తోడవడం వల్ల రేపు కొత్త బండి ఎక్కే సీనియర్‌కు కూడా చల్లగాలి తగులుతుంది.

పని ఇష్టం లేదా, ఆ జీతం ఇష్టం లేదా?

‘ఈ తరానికి పని చేయడం ఇష్టం లేదు’ అన్న మాటను పరీక్షించే సందర్భం 2023 ఆగస్టులో అనుకోకుండా వచ్చింది. ఒప్పందం ముగిసేనాటికి సగటు పూర్తికాల డ్రైవర్‌కు జీతం, ఇతర ప్రయోజనాలు కలిపి ఏడాదికి సుమారు 1,70,000 డాలర్లు అందుతాయని యూపీఎస్ సీఈఓ కారల్ టోమే చెప్పారు. ఆ వార్త వెలువడిన వారంలోనే ఇండీడ్ అనే ఉద్యోగాల వెబ్‌సైట్‌లో యూపీఎస్ పేరుతో వెతికినవారి సంఖ్య 50 శాతానికి పైగా పెరిగింది. పని స్వభావం మారలేదు. ఎండ, బరువు, కుక్కలు, డిసెంబరు రద్దీ అన్నీ అలాగే ఉన్నాయి. మారింది జీతం గురించిన సమాచారం ఒక్కటే.

తరాల మధ్య తేడాలేవీ లేవని దీని అర్థం కాదు. ఉన్నాయి. సెల్‌ఫోనుతో పెరిగినవారికి తరగతి గదిలో కూర్చుని వందలాది నియమాలు వల్లెవేయడం కష్టమని యూపీఎస్ స్వయంగా గుర్తించింది. శిక్షణలో నెగ్గలేకపోతున్న యువకుల సంఖ్య పెరగడంతో 2007లో మేరీల్యాండ్ రాష్ట్రంలోని లాండోవర్‌లో ఇంటిగ్రాడ్ అనే శిక్షణ కేంద్రం తెరిచింది. అమెరికా కార్మిక శాఖ 18 లక్షల డాలర్ల గ్రాంటు ఇచ్చింది. అక్కడ లోపల ఏముందో కనిపించేలా పారదర్శకమైన గోడలున్న బండి ఉంటుంది. కావాలని జారేలా చేసిన నేల మీద, నడుముకు పట్టీ కట్టి, పెట్టె పట్టుకుని నడిపిస్తారు. కాలు జారితే ఎలా ఉంటుందో శరీరానికే తెలిసివస్తుంది. వీధులు, ఇళ్లు, రోడ్డు గుర్తులతో కట్టిన చిన్న ఊళ్లో నిజమైన డెలివరీలు చేయిస్తారు. కుర్రాళ్లు చెడిపోయారని వదిలేయకుండా, నేర్పే పద్ధతి పాతబడిందని ఒప్పుకుని మార్చుకోవడం ఈ కథలో అన్నిటికంటే తెలివైన పని.

వేషధారణ విషయంలో కూడా కంపెనీ దిగివచ్చింది. దశాబ్దాల పాటు గడ్డం పెంచుకోనివ్వని యూపీఎస్ 2020 నవంబరులో ఆ నిషేధం ఎత్తివేసింది, నల్లజాతీయుల సహజ కేశ శైలులను అనుమతించింది. కొందరు పాతవారికి ఇది క్రమశిక్షణ సడలడంగా తోచింది. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోదగ్గది. 1907లో సియాటిల్‌లో ఒక నేలమాళిగలో, 100 డాలర్ల అప్పుతో ఈ కంపెనీని మొదలుపెట్టిన జిమ్ కేసీకి అప్పుడు 19 ఏళ్లు, అతని భాగస్వామి క్లాడ్ రయన్‌కు 18.

చేతి పనితనం నుంచి తెర మీది బాణానికి

సీనియర్ డ్రైవర్ల చిరాకులో జీతంతో సంబంధం లేని భాగం ఒకటుంది, దాన్ని గౌరవంగా అర్థం చేసుకోవాలి. అది పనితనానికి సంబంధించినది. బండి తాళంచెవిని చిటికెన వేలికి తగిలించుకుని దిగడం, ఒక చేత్తో సీటు బెల్టు పెట్టుకుంటూ మరో చేత్తో తాళం తిప్పడం, తర్వాతి అయిదు ఇళ్ల పెట్టెలను ముందే మనసులో వరుసగా పెట్టుకోవడం వంటివి యూపీఎస్‌లో నేర్చుకునే విద్యలు. వాటి విలువ సెకన్లలో ఉంటుంది. రోజు ముగిసేసరికి ఆ సెకన్లు గంటగా తేలతాయి. పాతికేళ్లు ప్రమాదం లేకుండా నడిపినవారిని కంపెనీ ‘సర్కిల్ ఆఫ్ ఆనర్’ అనే గౌరవ జాబితాలో చేరుస్తుంది. ఆ పేరును వారు పదవీ విరమణ తర్వాత కూడా గర్వంగా చెప్పుకుంటారు.

గత పదిహేనేళ్లలో ఈ విద్యలో పెద్ద భాగం సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లింది. యూపీఎస్ రూపొందించిన ఓరియన్ అనే వ్యవస్థ ఏ ఇంటి తర్వాత ఏ ఇంటికి వెళ్లాలో లెక్కగట్టి చెబుతుంది. ఎడమవైపు మలుపులను వీలైనంత తగ్గిస్తుంది, ఎందుకంటే అమెరికాలో బండ్లు కుడివైపు నడుస్తాయి కనుక ఎడమ మలుపు అంటే ఎదురు వాహనాల కోసం ఆగడం, ఆగినంతసేపూ ఇంధనం ఖర్చు, ప్రమాదం ఎక్కువ. తలుపు ఎప్పుడు తీశారు, బెల్టు పెట్టుకున్నారా, ఎంతసేపు వెనక్కి నడిపారు అన్నవన్నీ బండిలోని సెన్సర్లు నమోదు చేస్తాయి. పాత డ్రైవర్ ఈ లెక్కతో వాదిస్తాడు, ఎందుకంటే ఆ వీధి అతని తలలో ఉంది. కొత్త డ్రైవర్ వాదించడు. అతనికి తెరమీది బాణం తప్ప వీధి పరిచయం లేదు. బుర్ర వాడరని నిందించే ముందు, బుర్ర వాడే చోటును అతని పనిలోంచి తొలగించింది ఎవరో చూడాలి.

అమెజాన్ పద్ధతిలో ఇది మరింత దూరం వెళ్లింది. 2021 నుంచి ఆ వ్యాన్లలో నాలుగు కటకాల కెమెరా అమర్చారు. ఒకటి రోడ్డును, రెండు పక్కలను, ఒకటి డ్రైవర్ ముఖాన్ని చూస్తుంది. ఆవలించినా, దృష్టి పక్కకు మళ్లినా హెచ్చరిస్తుంది. భద్రత పెరుగుతుందని కంపెనీ చెబుతుంది, అందులో కొంత నిజముంది. మరోవైపు, డ్రైవర్లు సీసాల్లో మూత్రవిసర్జన చేయాల్సి వస్తోందన్న విమర్శను మొదట తోసిపుచ్చిన అమెజాన్, 2021 ఏప్రిల్‌లో ఆ సమస్య ఉందని ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. గోధుమ రంగు చొక్కా డ్రైవర్ నీలి చొక్కా డ్రైవర్ పరుగును చూసి నవ్వేటప్పుడు ఈ సంగతి కూడా తలచుకోవడం అవసరం.

యజమాని ఎవరు?

పోటీ సంస్థల డ్రైవర్లు యూనియన్ ఎందుకు పెట్టుకోరు అని యూపీఎస్ కార్మికులు తరచుగా అడుగుతారు. జవాబు వారి ధైర్యంలో కంటే చట్టంలో ఎక్కువగా ఉంది.

ఫెడెక్స్ 1973లో మెంఫిస్ నుంచి విమానాలతో మొదలైంది. అందువల్ల దాని ఎక్స్‌ప్రెస్ విభాగం ఉద్యోగులు రైల్వేలకు, విమానయానానికి వర్తించే 1926 నాటి రైల్వే కార్మిక చట్టం కిందికి వచ్చారు. ఆ చట్టం ప్రకారం యూనియన్ కావాలంటే ఒక గోదాములో ఓటింగు సరిపోదు, దేశమంతటా ఉన్న ఆ వర్గం ఉద్యోగులు కలిసి ఓటు వేయాలి. యూపీఎస్ డ్రైవర్లు 1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టం కిందికి వస్తారు. అక్కడ ఒక్కో కేంద్రంలో విడిగా సంఘం కట్టుకునే వీలుంది. యూపీఎస్‌కూ విమానాలున్నాయి, ఫెడెక్స్‌కూ వ్యాన్లున్నాయి. అయినా డ్రైవర్ల హక్కులు ఆ కంపెనీ ఏ వాహనంతో పుట్టిందన్న దాన్ని బట్టి తేలాయి.

ఫెడెక్స్ గ్రౌండ్ కథ వేరు. 1998లో కొన్న ఒక పార్సిల్ సంస్థతో ఆ విభాగం వచ్చింది. డ్రైవర్లే సొంత బండి కొనుక్కుని స్వతంత్ర కాంట్రాక్టర్లుగా పనిచేసే పద్ధతి దాంతోపాటే వచ్చింది. యూనిఫాం, బండి రంగు, పని వేళలు అన్నీ కంపెనీ చెప్పేటప్పుడు స్వతంత్రత ఎక్కడిదని డ్రైవర్లు కోర్టుకెక్కారు. కాలిఫోర్నియా డ్రైవర్లు ఉద్యోగులేనని 2014లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తీర్పిచ్చింది. మరుసటి ఏడాది 22.8 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఫెడెక్స్ ఆ తర్వాత ఒక్కొక్క డ్రైవర్‌తో ఒప్పందాలు మాని, డ్రైవర్లను ఉద్యోగులుగా పెట్టుకునే చిన్న కాంట్రాక్టు సంస్థల వైపు పూర్తిగా మళ్లింది. అమెజాన్ 2018లో మొదలుపెట్టిన పద్ధతి కూడా దీనికి దగ్గరి చుట్టమే.

మధ్యలో ఈ చిన్న సంస్థ ఉండటం వల్ల ఏం జరుగుతుందో 2023లో కాలిఫోర్నియాలోని పామ్‌డేల్‌లో తేటతెల్లమైంది. అమెజాన్‌కు పనిచేసే ఒక డెలివరీ సంస్థలోని డ్రైవర్లు టీమ్‌స్టర్స్‌లో చేరారు, వారి యజమాని ఆ యూనియన్‌ను గుర్తించి ఒప్పందమూ చేసుకున్నాడు. అమెజాన్ ఆ సంస్థతో కాంట్రాక్టు ముగించింది. యూనియన్ ఉంది, ఒప్పందం ఉంది, పని మాత్రం లేదు. ఆ డ్రైవర్లకు అమెజాన్ కూడా ఉమ్మడి యజమానే అవుతుందని జాతీయ కార్మిక సంబంధాల బోర్డు ప్రాంతీయ కార్యాలయం 2024 ఆగస్టులో అభిప్రాయపడింది. ఆ ఏడాది డిసెంబరులో పండుగ రద్దీ వేళ కొన్ని అమెజాన్ కేంద్రాల ముందు టీమ్‌స్టర్స్ సమ్మె చేసింది. అమెజాన్ మాత్రం వారు తమ ఉద్యోగులు కారనే వాదిస్తోంది.

హైదరాబాద్, విజయవాడ వీధుల్లో డెలివరీ చేసే యువకులను ‘పార్ట్‌నర్లు’ అని పిలవడంలో ఉన్న చిక్కు కూడా ఇలాంటిదే. భాగస్వామి అన్నాక జీతం, భవిష్య నిధి, ప్రమాద బాధ్యత ఎవరినీ అడగడానికి ఉండదు. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో గిగ్ కార్మికులకు 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించడం, రాజస్థాన్ అదే ఏడాది ప్రత్యేక చట్టం చేయడం ఆ ఖాళీని పూరించే ప్రయత్నాలే. అయితే ఇక్కడ యూపీఎస్ లాంటి పాత యూనియన్ కొలువు పక్కన లేదు కనుక, పోల్చి చూసి నిలదీసే అవకాశం తక్కువ.

ప్రత్యర్థే ఖాతాదారు

యూపీఎస్ డ్రైవర్లకు అమెజాన్ మీద ఉన్న కోపంలో ఒక మెలిక ఉంది. అమెజాన్ వారి పోటీదారు మాత్రమే కాదు, చాలా ఏళ్లుగా వారి కంపెనీకి అతిపెద్ద ఖాతాదారు కూడా. 2024లో యూపీఎస్ ఆదాయంలో 11.8 శాతం అమెజాన్ నుంచే వచ్చింది. ఫెడెక్స్ 2019లోనే అమెజాన్ ఒప్పందాలను వదులుకుంది. యూపీఎస్ మోస్తూ వచ్చింది. ఈలోగా అమెజాన్ సొంత వ్యాన్లు పెంచుకుని, 2022 నాటికి అమెరికాలో ఇళ్లకు చేర్చే పార్సిళ్ల సంఖ్యలో యూపీఎస్‌ను దాటేసింది.

పార్సిల్ వ్యాపారంలో లాభం దూరాన్ని బట్టి కాక, ఒక్కోచోట ఎన్ని పెట్టెలు దించుతారన్న దాన్ని బట్టి వస్తుంది. ఒకే దుకాణంలో పాతిక పెట్టెలు దించితే ఒక్కో పెట్టెకు ఖర్చు పైసల్లో ఉంటుంది. పాతిక ఇళ్లకు పాతిక సార్లు ఆగితే అదే పెట్టెలకు ఎన్నో రెట్ల శ్రమ. ఆన్‌లైన్ కొనుగోళ్లు డ్రైవర్ రోజును మొదటి రకం నుంచి రెండో రకానికి మార్చేశాయి. దట్టంగా పార్సిళ్లున్న పట్టణ ప్రాంతాలను అమెజాన్ తన వ్యాన్లకు ఉంచుకుని, మిగిలినవి ఇతరులకు అప్పగించే కొద్దీ యూపీఎస్‌కు ఆ సరుకు మీద మిగిలేది తగ్గింది.

2025 జనవరిలో యూపీఎస్ తేల్చి చెప్పింది. 2026 రెండో అర్ధభాగానికల్లా అమెజాన్ సరుకును సగానికి పైగా తగ్గించుకుంటామంది. ఏప్రిల్‌లో 20,000 ఉద్యోగాల కోత, 73 భవనాల మూసివేత ప్రకటించింది. జులైలో పూర్తికాల డ్రైవర్లకు స్వచ్ఛంద విరమణ పథకం తెచ్చింది. పనిచేసిన ప్రతి ఏడాదికి 1,800 డాలర్లు, కనీసం 10,000 డాలర్లు. టీమ్‌స్టర్స్ దాన్ని వ్యతిరేకించింది. అక్టోబరు వచ్చేసరికి ఆ ఏడాది తగ్గించిన ఉద్యోగాల సంఖ్య 48,000కు చేరినట్టు కంపెనీ వెల్లడించింది.

ఈ కోత నడిచే తీరులో తరాల లెక్క మళ్లీ ముందుకొస్తుంది. సీనియర్‌కు డబ్బిచ్చి వెళ్లమంటారు, వెళ్లాలా వద్దా అన్నది అతని ఇష్టం. పని తగ్గిన కేంద్రంలో జూనియర్‌కు ఆ ప్రశ్న ఎదురుకాదు. చివర చేరినవాడు ముందు ఇంటికి పోవాలన్నది నియమం. భవనం మూసేస్తే సమీప కేంద్రానికి మారే హక్కు ఉన్నా, అక్కడి వరుసలో మంచి రూటు దొరకడానికి మళ్లీ ఎదురుచూపులే. నాలుగేళ్ల మెట్లలో రెండో మెట్టు మీద ఉన్న యువకుడు, అయిదో ఏడు ఈ భవనం ఉంటుందో లేదో తెలియనప్పుడు, ఇరవై ఏళ్ల తర్వాతి పింఛను గురించి సీనియర్ చెప్పే మాటను ఎంత శ్రద్ధగా వినగలడు? సాయంత్రం అదనపు గంటలకు నిరాకరించి ఇంటికి వెళ్లే కుర్రవాడి వైఖరిలో ఈ లెక్క చాలా భాగం ఉంది. విధేయతకు ప్రతిఫలం దూరమయ్యేకొద్దీ విధేయత తగ్గుతుంది, ఏ తరంలోనైనా.

2028 బల్ల దగ్గర ఎవరుంటారు?

ప్రస్తుత ఒప్పందం 2028 జులై 31న ముగుస్తుంది. అప్పటి చర్చల్లో అమెజాన్ ప్రస్తావన 2023లో కంటే గట్టిగా వినిపిస్తుంది. పోటీదారు డ్రైవర్ ఖర్చు సగం ఉన్నప్పుడు ఈ వేతనాలు ఎలా నిలుపుతామని కంపెనీ అడుగుతుంది. ఆ సగం ఖర్చు డ్రైవర్‌ను యూనియన్‌లోకి తేలేకపోతే ఆ ప్రశ్నకు యూనియన్ దగ్గర సులువైన జవాబు ఉండదు. పామ్‌డేల్ లాంటి కేసులు ఎటు తేలతాయన్నది అందుకే యూపీఎస్ డ్రైవర్ జీతానికి కూడా సంబంధించిన విషయం. నీలి వ్యాను డ్రైవర్‌ను చులకన చేసే ప్రతి మాట ఆ పనిని మరింత కష్టం చేస్తుంది.

రెండో అంశం యూనియన్ లోపలిది. యూపీఎస్‌లోని టీమ్‌స్టర్స్ సభ్యుల్లో సగానికి పైగా పార్ట్‌టైమ్ కార్మికులే. 2023 ఒప్పందం నాటికి ఉన్నవారికి అయిదేళ్లలో గంటకు 7.50 డాలర్ల పెంపు దక్కింది. ఆ తర్వాత చేరినవారు 21 డాలర్లతో మొదలై 23 డాలర్ల దగ్గర ఆగుతారు. 22.4ను రద్దు చేసిన కాగితంలోనే ఈ కొత్త మెట్టు కూడా ఉంది. తెల్లవారుజామున బెల్టు దగ్గర నిలబడే ఆ యువకులు 2028లో ఓటు వేస్తారు.